రూపాయి బిళ్ళ చప్పుడు

బెజవాడ కాంట్రాక్టరు అంచనా కాగితం
నా చొక్కా జేబులో ఉంది.
పాత గచ్చు మొత్తం కొట్టేసి కొత్తది వేయడానికి
పద్నాలుగు లక్షల ఇరవై వేలు.
క్లబ్బు ఖాతాలో ఎంతుందో
కార్యదర్శిని కాబట్టి నాకు తెలుసు.

పుష్యమాసం చలిలో నీళ్ళు తోడేశాం.
ముప్ఫై ఒక్కేళ్ళ స్విమ్మింగ్ పూల్
అడుగున దాచుకున్నదంతా బయటపడింది:
వెండి పట్టీ ఒకటి, పిన్నులు,
మిరపయార్డు నుంచి గాలి మోసుకొచ్చిన ఎర్ర దుమ్ము,
గోడల నిండా బోరు నీళ్ళ చవుడు.

"యాసిడ్ పోసి కడిగేద్దాం, తెల్లగా వస్తుంది" అన్నాను.
ఏసోబు చెప్పులు విడిచి లోపలికి దిగాడు.
"తెల్లగా వచ్చుద్ది సార్. దాంతోపాటు ఓ పొర తోలూ వచ్చుద్ది.
ఇప్పటికి ఐదుసార్లు ఒలిచారు. ఇంక ఎముకే."

రూపాయి బిళ్ళ అడిగాడు. ఇచ్చాను.
తిరిగి రాలేదు, ఆ సంగతి వేరే.
పుచ్చకాయ బేరమాడేవాడిలా
గోడకు చెవి ఆనించి
టక్. టక్. టక్.
టొక్.
అక్కడ ఆగి సుద్దముక్కతో సున్నా చుట్టాడు.
పొద్దు గుంకేసరికి నలభై మూడు సున్నాలు.
నేను వాటి ముందు అంకె కోసం వెతుక్కుంటుంటే
"మిగతాదంతా బతికే ఉంది సార్" అన్నాడు.

డొల్ల ఎంత ఉందో అంతే కోశాడు.
అంచులు లోపలికి వాల్చాడు,
కొత్త గారను పాతది పట్టుకునేటట్టు.
తెల్ల సిమెంటూ పాలరాతి పొడీ కరుణమ్మ కలిపింది.
రంగు కలవలేదు.
"కలవదు" అంది, నాకు తెలియాల్సిన విషయమే అన్నట్టు.
అతుకుల మీద తడి గోనెపట్టాలు కప్పి
గంటకోసారి బిందెతో వచ్చింది, అర్ధరాత్రి కూడా.

"ఎండాకాలం దాకా ఖాళీగా ఉంచుదాం,
కరెంటు బిల్లు కలిసొస్తుంది" అన్నారు అధ్యక్షులవారు.
ఏసోబు నవ్వలేదు.
"రోహిణికి రోళ్ళే పగులుతాయి.
దీన్ని గుడ్డల్లేకుండా నిలబెడతారా?
నీళ్ళే దీనికి నీడ."

"ఇంకోటి. నింపడం మొదలెట్టాక ఆపకూడదు.
ఆపినచోట గీత పడుద్ది. అది ఇక పోదు."

శనివారం సాయంత్రం, పైపు మూతికి గుడ్డ చుట్టి,
లోతువైపు వదిలాం.
గట్టు మీద మేం ముగ్గురం, చల్లారిన బజ్జీలు.
నీళ్ళు ఎక్కుతున్నట్టు కనబడవు,
చూపు తిప్పినప్పుడే ఎక్కుతాయి.

రెండున్నరకు కరెంటు పోయింది.
మోటారు గొంతు ఆగాక
బ్రాడీపేట ఎంత నిశ్శబ్దమో వినబడింది.
ట్యాంకరు సుభానీకి పన్నెండుసార్లు ఫోన్ చేశాను.
పదమూడోసారి ఎత్తాడు. వచ్చేసరికి నలభై నిమిషాలు.
ఆ నలభై నిమిషాలూ ఏసోబు
నీటి అంచు మీదే టార్చిలైటు పెట్టుకుని కూర్చున్నాడు.
కరుణమ్మ మాత్రం పంచలోని తొట్టి నుంచి
బిందె తరవాత బిందె తెచ్చి
మెట్ల పక్కన గోడవారన వంచుతూనే ఉంది.
అంత పూల్‌లో బిందెడు నీళ్ళు!
"కదుల్తా ఉండాలన్నాడు గదా" అంది.

తరవాత ఇరవై రోజులు పొద్దునా సాయంత్రం
పొడుగు బ్రష్షుతో తోముడు. ఎవరినీ దిగనివ్వలేదు.
అంచనా కాగితం చొక్కాతోపాటు ఉతుక్కి వెళ్ళి
ముద్దై వచ్చింది.

ఇప్పుడు వారానికోసారి గాజు గొట్టంలో నీళ్ళు పట్టి
వెలుతురులోకి ఎత్తి చూస్తాను.
పులుపెక్కితే ఇవి గచ్చును తింటాయి,
సున్నమెక్కితే గచ్చు మీద పేరుకుంటాయి.
"కుదిరిందా సార్?" అంటుంది కరుణమ్మ,
పప్పుచారు గురించి అడిగినట్టే.
కుదిరిన వారాలు తక్కువ.

మొన్న ఎనిమిదేళ్ళ పిల్ల ఒకతి
కళ్ళద్దాలు పెట్టుకుని మునిగి, పైకి తేలి, రొప్పుతూ చెప్పింది:
"అంకుల్, లోపల గోడ చుట్టూ గీత ఉంది.
మెట్ల పక్కన జానెడు మాత్రం లేదు.
అక్కడ ఎవరు చెరిపారు?"